గలిలయ సముద్రము: సరస్సును సముద్రమని పిలిచిన సువార్తికుల సాక్ష్యము

ఉపోద్ఘాతము

సువార్తలను శ్రద్ధతో చదివే ప్రతి వేదాంత విద్యార్థికి ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహము కలుగుతుంది. మత్తయి, మార్కు, యోహానులు "గలిలయ సముద్రము" అని వ్రాసిన నీటినే లూకా "గెన్నేసరెతు సరస్సు" అని వ్రాశాడు. పటము తెరచి చూస్తే అక్కడ సముద్రము లేదు. నలువైపుల నేల ఆవరించిన ఒక మంచినీటి సరస్సు మాత్రమే ఉన్నది. అయితే ముగ్గురు సువార్తికులు పొరపడ్డారా? లేక ప్రభువు చేసిన అద్భుతమును గొప్పగా చూపుటకు చిన్న నీటిని పెద్దదిగా చేసి చెప్పారా?

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. సంఘమునకు విరోధియైన ఒక గొప్ప పండితుడు 1700 సంవత్సరముల క్రితమే దీనిని ఒక ఆరోపణగా సంధించాడు. ఈ వ్యాసములో మేము ఆ ఆరోపణను, దానికి సంఘము ఇచ్చిన జవాబును, ఆ నీటికి గల పేర్ల చరిత్రను పరిశీలించి, తెలుగు ప్రసంగ వేదికపై దీనిని ఎలా వివరించవలెనో సూచించదలచాము. పేరు చిన్న విషయమే గాని, దాని వెనుక ఉన్నది సువార్తికుల సత్యసంధత. అందుచేత దీనిని తేలికగా దాటిపోవుట మంచిది కాదు.

1. ఆ నీరు ఎటువంటిది?

గలిలయ సముద్రము ఉత్తర దక్షిణములుగా సుమారు 21 కిలోమీటర్ల పొడవు, ఎక్కువ వెడల్పు గల చోట సుమారు 13 కిలోమీటర్లు ఉంటుంది. విస్తీర్ణము సుమారు 166 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు సుమారు 43 మీటర్లు. యొర్దాను నది ఉత్తరమున దీనిలో ప్రవేశించి దక్షిణమున బయటకు పోతుంది. నీరు లోపలికి వచ్చి బయటకు పోవుచున్నందున ఇది మంచినీటి సరస్సుగా నిలిచినది. అదే యొర్దాను దక్షిణమున ఉప్పు సముద్రములో కలిసిన తరువాత నీరు పోవుటకు దారి లేదు. ఎండకు ఆవిరి కావలసినదే. అందుచేత ఆ నీరు చేపలు బ్రదుకలేనంత ఉప్పగా మారినది.

మన ప్రాంతముతో పోల్చి చూద్దాము. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేరు ప్రాంతము 308 చదరపు కిలోమీటర్లు. గలిలయ సముద్రము దానిలో సగము కంటే కొంచెము మాత్రమే ఎక్కువ. కొల్లేటిని మనము ఎన్నడూ సముద్రము అనము. అయితే కొల్లేరు మెరక నీరు. గలిలయ నీరు లోతైనది, కొండల మధ్య పళ్లెములో పోసినట్లు ఉన్నది.

ఈ చివరి సంగతి ముఖ్యమైనది. ఆ సరస్సు ఉపరితలము సముద్ర మట్టమునకు సుమారు 210 మీటర్లు దిగువన ఉన్నది. తూర్పున గోలాను పీఠభూమి ఎత్తుగా లేచి ఉన్నది, పడమర కొండల మధ్య లోయలున్నవి. క్రింద వేడిగాలి నిలిచి ఉండగా పైనుండి చల్లనిగాలి ఆ లోయల గుండా ఒక్కసారిగా దిగినప్పుడు, నిశ్చలముగా ఉన్న నీరు కొద్ది సమయములోనే అల్లకల్లోలమవుతుంది. విస్తీర్ణములో చిన్నదైనా దోనెలో ఉన్నవానికి అది చిన్న నీరు కాదు.

2. పోర్ఫిరీ ఆరోపణ

పోర్ఫిరీ క్రీ.శ. 234 ప్రాంతమున తూరు పట్టణమునకు చెందిన కుటుంబములో పుట్టిన తత్త్వవేత్త. "క్రైస్తవులకు వ్యతిరేకముగా" అనే పేరుతో 15 సంపుటముల గ్రంథము వ్రాశాడు. క్రీ.శ. 448లో చక్రవర్తి రెండవ థియొడోసియసు ఆజ్ఞ చేత ఆ గ్రంథము తగులబెట్టబడినది. అందుచేత అతని వాదములు నేడు ఎక్కువగా అతనికి జవాబు చెప్పినవారి రచనల ద్వారానే తెలుస్తున్నవి.

మకారియసు మాగ్నెసు వ్రాసిన ఒక గ్రంథములో పేరు చెప్పని ఒక అన్య తత్త్వవేత్త సువార్తలపై ప్రశ్నలు వేస్తాడు. అతని మాటలు పోర్ఫిరీ నుండి వచ్చినవని అనేకులు తలంచారు, కొందరు ఒప్పుకోరు. ఆ తత్త్వవేత్త వాదము సారాంశముగా ఇది: ఆ స్థలము ఎరిగినవారు అక్కడ సముద్రము లేదని చెప్పుదురు. తిబెరియ దగ్గర కొండ క్రింద ఒక చిన్న సరస్సు ఉన్నది. చిన్న దోనెలలో రెండు గంటలలో దానిని దాటవచ్చును. అందులో అలలకు గాని తుపానుకు గాని చోటు లేదు. మార్కు దానిని సముద్రమని, పైగా తుపాను రేగిన సముద్రమని పిలుచుట క్రీస్తు గొప్ప సూచక క్రియ చేసినట్లు చూపుటకే.

ఈ తత్త్వవేత్త ఎవరైనప్పటికీ, పోర్ఫిరీ ఇదే ఆరోపణ చేశాడని హిరోనిము స్పష్టముగా చెప్పుచున్నాడు. తూరు మధ్యధరా సముద్ర తీరమున ఉన్న గొప్ప రేవు పట్టణము. అటువంటి ఊరివానికి, కనుచూపు మేరలో అవతలి ఒడ్డు కనబడే నీటిని సముద్రమనుట హాస్యాస్పదముగా తోచుట సహజమే. అయితే సహజముగా తోచిన ప్రతిది న్యాయమైన వాదము కాదు.

3. హిరోనిము జవాబు

హిరోనిము క్రీ.శ. 386 నుండి బేత్లెహేములో నివసించి, యూదుల వద్ద హెబ్రీ భాష నేర్చుకొని బైబిలును లాటిను భాషలోనికి అనువదించాడు. ఆదికాండముపై హెబ్రీ ప్రశ్నలు అనే తన గ్రంథములో ఆదికాండము 1:10 వచనము వద్ద అతడు ఆగాడు. దేవుడు జలరాశికి సముద్రములని పేరు పెట్టిన వచనము అది. హెబ్రీ భాషా సంప్రదాయములో ఉప్పునీరు కానీ మంచినీరు కానీ, చేరి నిలిచిన ప్రతి జలరాశిని సముద్రమనే పిలుస్తారని, కనుక పోర్ఫిరీ సువార్తికులపై మోపిన నింద వ్యర్థమైనదని అతడు చూపించాడు.

ఈ జవాబు సరియైనదేనా? హెబ్రీ భాషలోని "యామ్" అనే పదమును పరిశీలిద్దాము. ఈ పదము మధ్యధరా సముద్రమునకు వాడబడినది. ఆ సముద్రము కనాను దేశమునకు పడమర ఉన్నందున పడమటి దిక్కునకు కూడ అదే పదము వాడబడినది. సొలొమోను మందిరములో పది మూరల వెడల్పున పోతపోసిన ఇత్తడి నీటితొట్టికి కూడ "యామ్" అనే పేరే ఉన్నది (1 రాజులు 7:23). యాజకులు కడుగుకొనుటకు ఉంచిన తొట్టిని సముద్రమని పిలిచిన భాష, 21 కిలోమీటర్ల నీటిని సముద్రమనుటలో అతిశయోక్తి ఏమియు లేదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యము సంఖ్యాకాండము 34వ అధ్యాయములో ఉన్నది. అక్కడ మోషే కనాను దేశపు సరిహద్దులను వివరించుచున్నాడు. ఆ ఒక్క అధ్యాయములోనే మూడు "యామ్"లు కనబడతవి: 3, 12 వచనములలో ఉప్పు సముద్రము, 6వ వచనములో మహాసముద్రము, 11వ వచనములో కిన్నెరెతు సముద్రము. ఈ మూడింటిలో నేటి అర్థములో సముద్రము ఒక్కటే. తక్కిన రెండును సరస్సులు. యెహోషువ 12:3, 13:27 వచనములలో కూడ కిన్నెరెతునకు ఇదే పేరు ఉన్నది. వీటిలో అద్భుతము లేదు, తుపాను లేదు, ఎవరినీ గొప్ప చేయవలసిన అవసరము లేదు. ఇవి పొలిమేరలు తెలిపే జాబితాలు. సువార్తికులు పుట్టకముందే, అనేక శతాబ్దములుగా ఆ నీటికి ఆ పేరు ఉన్నది. పోర్ఫిరీ వాదము ఇక్కడనే కూలిపోవుచున్నది.

క్రీస్తు పూర్వమే హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి అనువదించిన యూదులు ఈ చోట్ల "యామ్" అనే పదమునకు "థలస్సా", అనగా సముద్రము, అనే గ్రీకు పదము వాడారు. మత్తయి, మార్కు, యోహానులు వాడినది ఈ పదమే. తరువాతి కాలపు యూదుల బబులోను తల్మూదులో ఇశ్రాయేలు దేశమును చుట్టియున్న ఏడు సముద్రములను లెక్కించిన చోట తిబెరియ సముద్రము, సొదొమ సముద్రము, మహాసముద్రము కలిసియే ఉన్నవి. కాబట్టి ఆ ముగ్గురు సువార్తికులు తమ ప్రజల వాడుకనే గ్రీకులో వ్రాశారు.

4. లూకా ఎందుకు సరస్సు అన్నాడు?

లూకా తన సువార్తలో ఈ నీటికి "లిమ్నే" అనే పదమును ఐదుసార్లు వాడాడు (5:1, 5:2, 8:22, 8:23, 8:33). దీనిని మన తెలుగు బైబిలు సరస్సు అని సరిగా అనువదించినది. క్రొత్త నిబంధనలో ఇదే గ్రీకు పదము మరల కనబడునది ప్రకటన గ్రంథములోనే. అక్కడ అది అగ్నిగుండమును గూర్చి వాడబడినది. "థలస్సా" అనే పదము లూకాకు తెలియనిది కాదు. లూకా 17:2, 21:25 వచనములలో నిజమైన సముద్రమును గూర్చి అతడు దానినే వాడాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములోని ఓడ ప్రయాణమును చదివినవారికి లూకా ఏ నీటిని సముద్రమని తలంచాడో విడిగా చెప్పనక్కరలేదు.

గ్రీకు చదువరులకు వ్రాసిన ఇతరుల వాడుక కూడ ఇట్టిదే. గలిలయలో సేనాధిపతిగా పనిచేసిన యోసేపస్ తన "యూదుల యుద్ధము" మూడవ పుస్తకములో ఆ నీటిని గెన్నేసరు సరస్సు అనియే పిలిచి, దాని వెడల్పు 40 స్తాదియలు, పొడవు 140 స్తాదియలు అని వ్రాశాడు. రోమీయుడైన ప్లీనీ దానిని 16 మైళ్ల పొడవు, 6 మైళ్ల వెడల్పు గల సరస్సుగా వర్ణించాడు. మక్కబీయుల మొదటి గ్రంథము 11:67 గెన్నేసరు నీళ్లు అని మాత్రమే చెప్పుచున్నది. లూకా వాడుక విశాలమైన గ్రీకు ప్రపంచములో చదువుకొన్నవాని వాడుక. మార్కు వాడుక ఆ ఒడ్డున వలలు వేసినవారి వాడుక.

గెర్డ్ థైసెన్ అనే జర్మను పండితుడు 1989లో ప్రచురించిన గ్రంథములో ఈ సంగతిని వివరించాడు. గలిలయ జాలరులకు తమ ప్రపంచములో అదే పెద్ద నీరు. ఆ చిన్న సరస్సును సముద్రమని పిలుచుట, ఈ కథనములు ఆ తీరమునకు దగ్గరగా రూపుదిద్దుకొన్నవనుటకు ఒక గుర్తు అని అతని అభిప్రాయము. పోర్ఫిరీ అబద్ధమునకు రుజువు అని చూపిన పదమే ఈ విధముగా కథనముల ప్రాచీనతకు సాక్ష్యమైనది.

ఇక్కడ మరియొక సంగతి గమనించవలెను. లూకా పేరును మార్చాడు గాని తుపానును తగ్గించలేదు. 8:23లో మార్కు 4:37లో ఉన్న "లైలాప్స్" అనే పదమునే, అనగా సుడిగాలితో కూడిన తుపాను అనే అర్థము గల మాటనే వాడాడు. వారు అపాయములో ఉండిరని కూడ చెప్పాడు. సముద్రమనే పేరు వలననే ఈ అద్భుతము పుట్టినదైతే, ఆ పేరు తీసివేసిన లూకా చేతిలో అది నిలిచి ఉండకూడదు. అయినను అది నిలిచియున్నది. అయితే ఈ వాదము తుపానును గద్దించిన సంఘటనకే వర్తిస్తుంది. ప్రభువు నీటిపై నడిచిన సంఘటనను లూకా వ్రాయలేదు గనుక దానికి ఈ వాదమును వాడుట న్యాయము కాదు.

నీటిపై నడిచిన సంఘటనలో యోహాను ఒక కొలత ఇచ్చాడు. శిష్యులు 25 లేక 30 స్తాదియలు దోనె నడిపారని 6:19 చెప్పుచున్నది. అనగా సుమారు 5 కిలోమీటర్లు. యోసేపస్ చెప్పిన 40 స్తాదియల వెడల్పుతో పోల్చితే వారు నీటి నడుమ ప్రాంతములో ఉన్నారు. మార్కు 6:47 చెప్పినది కూడ అదే. చిన్న నీటిని పెద్దదిగా చూపదలచినవాడు ఇంత చిన్న కొలతను ఇవ్వడు.

పురావస్తు శాస్త్రము కూడ కొంత వెలుగు ఇచ్చినది. 1986లో అనావృష్టి వలన నీటిమట్టము తగ్గగా, గిన్నోసరు దగ్గర బురదలో ఒక పాత దోనె బయటపడినది. సుమారు 8.2 మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు గల ఆ దోనె క్రీ.పూ. మొదటి శతాబ్దము నుండి క్రీ.శ. మొదటి శతాబ్దము లోపల వాడుకలో ఉండినదని పరీక్షలు తేల్చినవి. అనేక రకముల కర్ర ముక్కలతో అతుకులు వేసి మరల మరల బాగుచేసిన దోనె అది. శిష్యుల దోనె అదే అని చెప్పుటకు ఆధారము లేదు. అయితే అట్టి దోనెలో కూర్చున్న మనిషికి ఆ నీరు ఎంత పెద్దదిగా కనబడునో అర్థము చేసికొనుటకు అది సహాయపడుతుంది.

5. పేరులోని వేదాంతము

మత్తయి 4:13-16లో యేసు కపెర్నహూములో కాపురముండుటను యెషయా 9:1-2 ప్రవచనముతో జోడించాడు. ఆ ప్రవచనములో "సముద్రము", "గలిలయ" అనే రెండు మాటలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. యేసు కాలమునకు ముందటి యూదుల రచనలలో గలిలయ సముద్రము అనే పేరు కనబడదనియు, అది ఈ ప్రవచనమును ఆధారము చేసికొని తొలి క్రైస్తవులలో రూపొందినదనియు స్టీవెన్ నోట్లీ 2009లో ఒక వ్యాసములో వాదించాడు. ఈ వాదమును అందరు అంగీకరించనక్కరలేదు. కాని కిన్నెరెతు సముద్రమనే పాత పేరును గూర్చి మేము పైన చెప్పినదానికి ఇది విరోధము కాదు. సముద్రమనే మాట పాతది, గలిలయ అనే మాట దానితో చేరుటలో ప్రవచనము పాత్ర వహించి ఉండవచ్చును.

మార్కు సువార్తలో సముద్రము అనే మాట పాత నిబంధనలోని మరికొన్ని లేఖనములను మనకు జ్ఞాపకము చేయుచున్నది. సముద్రపు పొంగును అణచువాడు దేవుడని కీర్తన 89:9, తుపానును ఆపి ఓడవారిని కోరిన రేవునకు చేర్చువాడు ఆయనే అని కీర్తన 107:23-30, సముద్రముపై నడుచువాడు ఆయనే అని యోబు 9:8 చెప్పుచున్నవి. గాలియు సముద్రమును లోబడుటకు ఈయన ఎవరో అని శిష్యులు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ లేఖనములలో ఉన్నది. అక్కడ సరస్సు అని అనువదిస్తే భూగోళము సరిపోవును గాని లేఖనముల మధ్య ఉన్న ఆ బంధము తెగిపోవును.

6. తెలుగు పాఠకునికి ఈ సంగతి

ఒక్కొక్క భాష నీటిని ఒక్కొక్క విధముగా విభజిస్తుంది. అరబ్బీలో సరస్సునకు వాడే "బుహైరా" అనే పదమునకు మూలార్థము చిన్న సముద్రమే. జర్మను భాషలో "జే" అనే ఒకే పదము పుంలింగములో సరస్సు, స్త్రీలింగములో సముద్రము. నలువైపుల భూమి ఉన్న కాస్పియనును లోకమంతయు సముద్రమనే పిలుచుచున్నది. దానిని సముద్రముగా లెక్కించవలెనా, సరస్సుగా లెక్కించవలెనా అని తీరమునున్న ఐదు దేశములు దీర్ఘకాలము వాదించుకొని, చివరకు 2018 ఆగస్టులో దానికి ప్రత్యేకమైన చట్టపు స్థానమును కల్పిస్తూ ఒప్పందము చేసికొన్నవి.

మన తెలుగు నేల మీద ఈ వాడుక మరింత దగ్గరగా ఉన్నది. అనంతపురము ప్రక్కన బుక్కరాయసముద్రము ఉన్నది. అది విజయనగర రాజు బుక్కరాయల పేర వెలసిన చెరువు, ఊరు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువునకు 1369 నాటి శాసనము అనంతరాజసాగరమని పేరు చెప్పుచున్నది. హైదరాబాదులో 16వ శతాబ్దపు చెరువు హుస్సేన్ సాగరు. కృష్ణానదిపై కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు నాగార్జునసాగరు. వర్షము తక్కువగా పడే సీమలో చెరువు నిండితే రైతుకు అదే సముద్రము. బుక్కరాయసముద్రము అనే పేరు పెట్టినవాడు అబద్ధికుడని ఎవరును అనరు. హిరోనిము హెబ్రీ భాషను చూపి ఇచ్చిన జవాబును మన ఊళ్ల పేర్లు చూపి మనము ఇవ్వగలము.

అయితే మన సంఘములలో రెండు పొరపాట్లు జరుగుటకు అవకాశమున్నది. మొదటిది తీర ప్రాంతపు పొరపాటు. ఉప్పాడలోనో మచిలీపట్నములోనో ప్రసంగము వినే జాలరి సోదరులకు సముద్రమనగా బంగాళాఖాతమే. ప్రసంగీకుడు గలిలయ సముద్రములో ఉప్పునీరును, ఆటుపోట్లను వర్ణిస్తే వారు నమ్ముదురు. కాని అది వాక్యములో లేనిదానిని చేర్చుట. పేతురు వేసిన వల మంచినీటి చేపలకు వేసిన వల. అవతలి ఒడ్డు కంటికి కనబడుచునే ఉండినది. కనబడే ఒడ్డునకు చేరలేకపోవుటలోనే శిష్యుల నిస్సహాయత మరింత స్పష్టమగును.

రెండవది చదువుకొన్నవారి పొరపాటు. అది కేవలము సరస్సే గదా అని తెలిసికొన్న యువ విద్యార్థి, తనకు ఇంతకాలము ఎవరో అబద్ధము చెప్పారని తలంచవచ్చును. ఆ సంగతి అతనికి మొదట సంఘము వెలుపల, ఎగతాళి చేయువారి నోట వినబడుట మంచిది కాదు. సండే స్కూలులోనే, పటము చూపి, ప్రేమతో చెప్పవలసిన సంగతి ఇది.

అనువాదకుల బాధ్యత కూడ ఉన్నది. నాలుగు సువార్తలలోను సముద్రము అని ఒకే విధముగా వ్రాస్తే లూకా సాక్ష్యము మరుగున పడుతుంది. నాలుగింటిలోను సరస్సు అని వ్రాస్తే మత్తయి, మార్కుల లేఖన సంబంధము పోతుంది. మన పాత తెలుగు బైబిలు ఎవరు వ్రాసినదానిని వారికి విడిచిపెట్టి, మార్కులో సముద్రము, లూకాలో సరస్సు అని ఉంచినది. అది తడబాటు కాదు, నమ్మకత్వము. క్రొత్త అనువాదములు చేయువారు ఈ మాదిరిని అనుసరించి, భేదమును అడుగు సూచికలో వివరించుట మేలని మా అభిప్రాయము.

ముగింపు

ఈ పరిశీలన వలన ఏమి రుజువైనది, ఏమి రుజువు కాలేదు అనే సంగతిని నిజాయితీగా చెప్పుకొనవలెను. ఒక సరస్సు పేరును పరిశోధించి అద్భుతమును రుజువు చేయలేము. అది విశ్వాసమునకు సంబంధించినది. కాని సువార్తికులు అద్భుతము కోసము ఆ పేరును కల్పించారనే నింద నిలువదని మాత్రము చరిత్ర చూపుచున్నది. ఆ పేరు వారికంటే ఎంతో పాతది, వారి ప్రజల నోటిలోనిది.

సంఘము ఈ నలుగురి పదములను ఒకటిగా సరిదిద్దలేదు. అలా చేసియుంటే పోర్ఫిరీ వంటివారికి ప్రశ్నించుటకు అవకాశము తగ్గియుండేది. కాని సంఘము ఆ భేదమును అలాగే భద్రపరచి మనకు అందించినది. సాక్షులు ఒక్కొక్కరు తాము పిలిచిన పేరుతోనే ఆ నీటిని పిలిచారు. సముద్రమని పిలిచినవారికిని సరస్సు అని పిలిచినవానికిని ఆ దోనెలో ఉన్న ప్రభువు ఒక్కడే. ఆ రెండు పేర్లను దాచక, భయపడక మన సంఘములకు బోధించుదము గాక.